నేతిబీరకు నెయ్యి రుజువు

ఆ రోజు పీచుబాబు వేసుకున్న పథకంలో మూడే అంకాలున్నాయి. పదింటికి తనిఖీ అధికారిణి వస్తుంది. పన్నెండింటికి సంతకం పెడుతుంది. నాలుగింటికి లారీ ఓడరేవుకు బయలుదేరుతుంది. ఇందులో తను చేయాల్సిందల్లా ఉతికిన చొక్కా వేసుకుని వినయంగా నిలబడటమే.

"టీ మాత్రం నువ్వే పెట్టు. మీ తమ్ముడి చేతికివ్వకు," అన్నాడు భార్యతో, అద్దంలో తల దువ్వుకుంటూ.

"వాడేం చేశాడు పాపం?"

"ఇంకా ఏం చేయలేదు. అదే నా భయం."

పీచుబాబు అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. నేతిబీరకాయల్ని ముదరనిచ్చి, ఎండబెట్టి, తోలు వలిచి, లోపలి పీచును గిన్నెలు తోముకునే ముక్కలుగా కోయించి సముద్రాల అవతలికి పంపే పని మొదలుపెట్టిన నాడే అసలు పేరు తోలులా ఊడిపోయి, ఈ పేరు మిగిలింది. షెడ్డులో పన్నెండుమంది ఆడవాళ్లు పనిచేస్తారు. సరుకు పెట్టె మీద మూడు ముద్రలుంటాయి. ప్లాస్టిక్ లేదు, రసాయనం లేదు, జంతువుల నుంచి తీసింది ఏదీ లేదు. ఉన్నదాన్ని చెప్పుకుని అమ్ముకునే లోకంలో లేనివాటిని చెప్పుకుని అమ్ముకుంటున్నవాడు తానొక్కడేనని అతనికి లోలోపల కాస్త గర్వం.

ఆ గర్వానికి గడువుంది. రెండేళ్ల కిందట మామగారితో, "రెండేళ్లలో నిలదొక్కుకోలేకపోతే వచ్చి మీ కొట్లోనే కూర్చుంటాను మామయ్యా," అని మాటిచ్చాడు. మామగారిది వీధి మొగలో పెద్ద కిరాణా కొట్టు. ఆయన ఆ మాటను గాలికి వదిలే మనిషి కాదు. మర్నాడే నీలం రంగు ప్లాస్టిక్ స్టూలొకటి కొని, దాని కవరైనా విప్పకుండా గల్లాపెట్టె పక్కన పెట్టారు. "నీకోసమే అల్లుడూ. తొందరేం లేదు," అని కనబడ్డప్పుడల్లా దాని మీద దుమ్ము దులుపుతారు. వచ్చేవారంతో రెండేళ్లు నిండుతాయి. ఈ రోజు ముద్రలు మళ్లీ పడకపోతే సరుకు కదలదు. సరుకు కదలకపోతే స్టూలు కవరు విప్పాల్సిందే.

అధికారిణి చెప్పిన వేళకే వచ్చింది. సన్నటి మనిషి, పెద్ద కళ్లజోడు, అంతకన్నా పెద్ద ఫారం. ఎండబెట్టే చోటు చూసింది, పీచు నానబెట్టే తొట్టి చూసింది, తాడు తెంపి జనపనారే అని తేల్చుకుంది. ప్రతిచోటా ఫారంలో ఒక టిక్కు పడింది. టిక్కు పడ్డప్పుడల్లా పీచుబాబు కళ్లముందు నీలం స్టూలు ఒక అడుగు వెనక్కి జరిగింది.

చివరికి ఆమె సరుకుకు కట్టిన చీటీ చేతిలోకి తీసుకుంది. పెన్ను ఆగింది.

"ఇది రాసిందెవరండీ?"

రాసింది బావమరిది. కొనేవాళ్ల భాషలో చీటీ కావాలంటే, ఫోనులో ఒక్కో మాటా నొక్కి అర్థం తీశాడు. నేతి అంటే నెయ్యికి సంబంధించింది, బీర అంటే బీర. ఫోను దాన్ని తాగే బీరు అనుకోకపోవడం ఒక్కటే ఆనాటి అదృష్టం. ఆ విధంగా పైవరుసలో 'నెయ్యి' అని పెద్దక్షరాలతో ఒంటరిగానూ, కిందివరుసలో 'బీరకాయ పీచు' అనీ చీటీ అచ్చయింది.

"నెయ్యి అని రాశారు. రుజువేది?" అంది అధికారిణి.

పీచుబాబు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మేడం, అది ఉత్త పేరండీ. నేతిబీరలో నెయ్యెక్కడైనా ఉంటుందా? సామెత కూడా ఉంది కదా!"

"నాకు తెలుసండీ. ఫారానికి తెలీదు." ఆమె కళ్లజోడు సర్దుకుంది. "ఇదివరకు ఓ ఆకుబొమ్మ వేసి పచ్చరంగు పూస్తే చెల్లిపోయేది. అందరూ పూసేశారు. ఇప్పుడు చీటీ మీద ప్రతి మాటకీ రుజువడుగుతున్నారు. పోయిన నెల ఒకాయన తన సబ్బు వాడితే భూమి నవ్వుతుందని రాశాడు. నవ్వినట్టు కాగితం తెమ్మన్నాం. పాపం, ఇంకా తిరుగుతున్నాడు."

"అయితే ఇప్పుడు..."

"నెయ్యి ఉందని రుజువు చేస్తే జంతువుల ముద్ర పోతుంది. లేదంటే చీటీ అబద్ధమవుతుంది. ఏదన్నదీ మీరే చెప్పండి. నేను ఈలోగా మీ లెక్కల పుస్తకాలు చూసి, తర్వాత గోదాముకెళ్తా."

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. పీచుబాబుకు ముందు నెయ్యి, వెనక స్టూలు. అతను గోడకు ఆనుకుని చీటీని అటూ ఇటూ తిప్పుతుంటే, తలుపు వెనక నిలబడి సగం విన్న బావమరిది సందు గుండా సైకిలెక్కాడు. విన్న సగంలో 'నెయ్యి ఉందని రుజువు చేస్తే' వరకే ఉంది.

నేరుగా వాళ్ల నాన్న కొట్టుకెళ్లాడు. "నాన్నా, స్వచ్ఛమైన నెయ్యి రెండు సీసాలు ఇయ్యి. ఆఫీసరమ్మ అడుగుతోంది."

మామగారు కళ్లజోడు పైనుంచి చూశారు. నలభై ఏళ్ల వ్యాపారంలో ఆఫీసర్లు ఏది అడిగినా ఎందుకడుగుతారో ఆయనకు తెలుసు. "ఊఁ. అంటే మనిషి మంచిదే. ఈ రెండూ పట్టుకెళ్లు, వెనకే నే వస్తా," అన్నారు.

గంట తర్వాత బావమరిది చెమటలు కక్కుతూ వచ్చి పీచుబాబు చెవిలో గొణిగాడు. "బావా, పనైపోయింది. నువ్వింకేం దిగులుపడకు."

"ఏం పని?"

"రుజువు. అరవై పెట్టెల్లోనూ పైనున్న పీచుకి నెయ్యి పట్టించేశా. ఏ పెట్టె తీస్తుందో మనకేం తెలుసని అన్నిటికీ పట్టించా. రెండు సీసాలూ అయిపోయాయి."

పీచుబాబు అతని చేతులు పట్టుకుని వాసన చూశాడు.

"మెచ్చుకోవా?"

"ఒరేయ్," అన్నాడు ఎట్టకేలకు, "నిన్ను కన్న మీ నాన్నని, నాకు అంటగట్టిన మీ అక్కని, నమ్మిన నన్ను..."

వాక్యం పూర్తయ్యేలోపే గోదాములోంచి అధికారిణి గొంతు వినిపించింది. "యజమానిగారూ! ఇలా వస్తారా?"

వెళ్లేసరికి ఆమె ఓ పెట్టె మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. గుప్పుమని వాసన. గోడ దూకి వచ్చిన పిల్లి ఒకటి పెట్టె అంచున కాళ్లు వేసి, పీచును ఓసారి వాసన చూసి, నాలుక అయినా చాచకుండా మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ కంగారులో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"పొద్దున నెయ్యెక్కడుంటుందన్నారు. ఇప్పుడు కారుతోంది," అంది అధికారిణి.

"మేడం, అది మా బావమరిది..."

"బావమరిదికి ఫారంలో గడి లేదండీ."

సరిగ్గా అప్పుడే మామగారు ఇస్త్రీ బట్టల్లో, చేతిలో సంచీతో, మొహాన పెళ్లికొచ్చినంత కళతో లోపలికొచ్చారు. రెండు చేతులూ జోడించి, సంచీ ఆమె కాళ్ల దగ్గర పెట్టారు. "అమ్మా, తమరు అడిగింది. నాలుగు సీసాలు. చాలకపోతే మొహమాటపడొద్దు. మా అల్లుడు పైకి మాట్లాడలేడు గానీ, మేం పద్ధతి తెలిసినవాళ్లం."

పీచుబాబు కళ్లముందు నీలం స్టూలు తనంతట తనే కవరు విప్పుకుంటోంది.

"లంచమా?" అంది అధికారిణి, చాలా నెమ్మదిగా.

"అబ్బెబ్బే! నెయ్యమ్మా."

"నేనడిగానా?"

"మా అబ్బాయి చెప్పాడు!"

అందరూ బావమరిది వంక చూశారు. అతను పైకప్పు వంక చూశాడు.

అధికారిణి వంగి ఒక సీసా తీసింది. విసిరికొడుతుందేమోనని మామగారు ఒకడుగు వెనక్కి వేశారు. కానీ పదేళ్లుగా చీటీలు చదివిన చేయి అది. అలవాటు చొప్పున సీసాను తిప్పింది. ముందువైపు బంగారు రంగులో 'స్వచ్ఛమైన నెయ్యి' అని ఉంది. వెనకవైపు చీమ తలంత అక్షరాలున్నాయి. కళ్లజోడు తీసి, సీసాను కంటికి ఆనించుకుని చదివింది.

"మొక్కల నూనె. రంగు. నేతి వాసన." సీసా దించింది. "ఇంతే. ఇందులో ఇంకేం లేదు. పెట్టెలకు పూసింది ఇదేనా?"

"ఇదే మేడం! ఖాళీ సీసాలు కూడా ఉన్నాయి!" బావమరిది పరుగెత్తి తెచ్చాడు. జీవితంలో మొదటిసారి అతను పారేయకుండా ఉంచినవి అవే.

ఆమె వాటినీ తిప్పి చదివింది. "మొక్కల నూనె అయితే జంతువుల ముద్రకి ఇబ్బందేం లేదు. పూసినవి అరవై తీసేసి కొత్తవి పెట్టండి." టిక్కు పడింది. తర్వాత మామగారి వైపు తిరిగింది. "ఈ సీసాల సంగతి నా పరిధిలోకి రాదు బాబాయ్. మా వదిన తిండి సరుకుల తనిఖీలో ఉంది. ఆవిడ పరిధి."

మామగారి మొహంలో కళ, నేతిబీరలో నెయ్యిలా మాయమైంది.

"మరి చీటీ మేడం?" అన్నాడు పీచుబాబు. "ఆరువేల చీటీలు మళ్లీ అచ్చేయించాలంటే లారీ..."

"అచ్చెందుకు బాబూ?" అంది గోదాము గుమ్మంలోంచి ఒక గొంతు. షెడ్డులో అందరికన్నా పెద్దావిడ. పీచు కొసలు కోయడమే పని కాబట్టి అందరూ కత్తెరత్త అంటారు. "ఆ మాట పైవరుసలో ఒంటరిగా ఉంది కదా. కొస కత్తిరించి పారేస్తే పోలా?"

అధికారిణి చీటీ చూసింది. వేలితో పైవరుస మూసింది. కింద 'బీరకాయ పీచు' అని మాత్రమే మిగిలింది.

"ఇది నిజం," అంది.

పీచుబాబు కత్తెరత్త వంక తిరిగాడు. "పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నావుగా అత్తా! ముందే చెప్పకూడదూ?"

"నన్నెవరడిగారు నాయనా? అడగందే చెప్తే, ముసల్ది యజమానికే సలహాలిస్తోందంటారు."

పన్నెండు కత్తెరలు ఒక్కసారి లేచాయి. భార్య కూడా టీ గ్లాసులు పక్కనపెట్టి కత్తెర పట్టింది. బావమరిదికి మాత్రం కత్తెర ఇవ్వలేదు. పెట్టెలు విప్పి కట్టమన్నారు, అదీ కళ్లముందే. మూడుంపావుకు మూడు ముద్రలూ పడ్డాయి. నాలుగింటికి లారీ కదిలింది. అధికారిణి వెళ్తూ వెళ్తూ ఒక సీసా తన సంచీలో వేసుకుంది.

"అదేంటి మేడం?" అన్నాడు పీచుబాబు, ఆశ్చర్యంగా.

"మా వదినకి. రశీదు రాసిస్తా."

వారం తిరిగింది. రెండేళ్ల గడువు నిండిన రోజు పొద్దున్నే షెడ్డు ముందు రిక్షా ఆగింది. మామగారు దిగారు. చంకలో నీలం స్టూలు, ఇంకా కవరులోనే ఉంది. కొట్టుకు తాళం పడింది, సీలు కూడా పడింది.

"అల్లుడుగారూ," అన్నారు. ఆ 'గారు' ఆయన నోట పీచుబాబు వినడం అదే మొదలు. "తమరి దగ్గర కూర్చుని చేసే పనేమైనా ఉందా? కొన్నాళ్లకే."

"స్టూలు ప్లాస్టిక్కండీ మామయ్యా. లోపలికి రానివ్వరు. ఈ పీట మీద కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. కత్తెరత్త ఆయన చేతికొక కత్తెరిచ్చి, మిగిలిపోయిన పాత చీటీల కట్ట ముందు పడేసింది. సాయంత్రానికి కత్తిరించిన ముక్కలన్నీ ఊడ్చి గోనెసంచీలోకి ఎత్తారు. ప్రతి ముక్క మీదా పెద్దక్షరాలతో 'నెయ్యి' అని ఉంది.

నలభై ఏళ్లలో ఆయన కొట్లో అంత నెయ్యి ఏనాడూ లేదు.