భయపడరాదని ఉత్తర్వు

సుంబెర్‌లెగి పట్టణ నీటి సరఫరా కార్యాలయంలో ఇకపై ఏ ఉద్యోగీ భయపడరాదని ఉత్తర్వు వెలువడింది. భయపడినవారిపై కఠిన చర్య తీసుకుంటారు.

పై అధికారి అండ ఉంటే ఉద్యోగికి ధైర్యమనీ, ఉద్యోగికి ధైర్యముంటే జనానికి మంచి సేవ అనీ మేనేజరు జరోత్ గారు, అక్కడి మాటలో బాపక్ జరోత్, సురబాయా నగరంలో మూడు రోజుల శిక్షణలో (భోజనాలతో సహా) కనుగొని వచ్చారు. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే సిబ్బంది వరుసగా నిలబడి, చప్పట్లు కొట్టి, "చేయగలం! చేయగలం!" అని అరవాలి. అరుపు చాలనివారు పసుపు ఫారం నింపాలి.

మూడో కౌంటరు రెత్నో గొంతు బాగానే లేచేది. ఆమెది ఏడాది ఒప్పందపు ఉద్యోగం. వచ్చే నెల దాన్ని పొడిగించాల్సింది బాపక్ జరోతే.

ఒకనాడు సోయా గింజలు పులియబెట్టి టెంపే అచ్చులు చేసి అమ్ముకునే సుమీయెమ్, అందరూ ఇబు అంటే అమ్మ అని పిలిచే ఆవిడ, వచ్చి కౌంటరు మీద రెండు చేతులూ ఆనించింది.

"తొమ్మిది రోజులైందే తల్లీ, కొళాయిలో చుక్క లేదు! సోయా గింజలు దేంట్లో నానబెట్టను, నా కన్నీళ్లలోనా? బజార్లో నా చోట్లో అప్పుడే ఇంకొకతె కూర్చుంది."

రెత్నో కంప్యూటరులో చూసింది. మరమ్మతు చేసినవాళ్లు ఆ వీధి వాల్వు తిరిగి తెరవడం మరిచిపోయారు. ఒక్క ఫోను చాలు. అయినా మేనేజరు గదికి వెళ్లింది.

"బాపక్, వాల్వు తెరవమని చెప్పేదా?"

"నన్నెందుకమ్మా అడగడం? నీ మీద నాకు పూర్తి నమ్మకం. నువ్వే నిర్ణయించు!"

"అయితే చిన్న సంతకం..."

"సంతకం పెడితే నిన్ను నమ్మనట్టు కాదూ?" అని ఆయన నొచ్చుకున్నారు.

రెత్నో ఫోను చేసింది. సాయంత్రానికి సుమీయెమ్ ఇంట్లో గింజలు నానాయి. పాపం రెత్నో, ఆ రోజంతా నిజంగానే సంతోషపడింది.

మర్నాడు బాపక్ జరోత్ అందరిచేతా ఆమెకు చప్పట్లు కొట్టించి, ఆ చప్పట్ల మధ్యే ఒక మెమో చేతిలో పెట్టారు. 'వాల్వు ఎవరి అనుమతితో తెరిచారు? అధికారి పేరు రాయండి.' రెత్నో ఆయన ముఖంలోకి చూసింది.

"ధైర్యంగా రాయమ్మా, నేనున్నాగా," అన్నారాయన.

'ఎవరూ లేరు' అని ఆమె రాసింది. ఒప్పందం మూడు నెలలకు మాత్రమే పొడిగించారు.

తర్వాతి వారం వేరే వీధి నుంచి ఇంకో ఇబు వచ్చింది. అదే తప్పు, అదే వాల్వు సంగతి.

"దరఖాస్తు పెట్టండి ఇబు, పద్నాలుగు పనిదినాల్లో పరిశీలిస్తారు," అంది రెత్నో.

ఆమె గొంతులో ఇసుమంతైనా తడబాటు లేదు. ఆ నెల ఆత్మవిశ్వాస పతకం ఏకగ్రీవంగా ఆమెకే ఇచ్చారు.