స్టాక్‌లో ఒక్కటే ఉంది, త్వరపడండి

సోలాపూర్ టవల్ చచ్చిపోయిందన్న పుకారును రాష్ట్ర టవల్ వికాస మహామండలి అధ్యక్షులు, మంత్రి హోదా కలిగిన నర్సయ్యగారు మంగళవారం తీవ్రంగా ఖండించారు. టవల్ బతికే ఉందని, ఆన్‌లైన్‌కి మారిందంతేనని ఆయన ప్రకటించారు. సోలాపూర్‌లో తెలుగు నేతగాళ్ల వాడ నీలం నగర్‌లో మగ్గాలు ఆగిపోయాక ‘నీలం నగర్ ఒరిజినల్’ టవల్ అమ్మకాలు విపరీతంగా పెరిగాయని, వారం తిరక్కుండానే స్టాక్ మళ్లీ మళ్లీ అయిపోతోందని, నేయకుండా అమ్మే ఈ పద్ధతిని ప్రపంచ దేశాలు వచ్చి చూసిపోవాలని కోరారు.

ప్రకటన జరిగింది అక్కల్‌కోట్ రోడ్డు పక్కనున్న ఆన్‌లైన్ కంపెనీ గోదాంలో. కంపెనీ దాన్ని ఫుల్‌ఫిల్‌మెంట్ సెంటర్ అంటుంది. ఒకప్పుడు అక్కడ పవర్‌లూమ్‌లు ఆడేవి. ఆ చప్పుడుకి పక్కవాడి మాట వినిపించేది కాదు. ఇప్పుడు డ్యూటీలో మాట్లాడటమే నిషేధం కాబట్టి ఆ ఇబ్బంది పూర్తిగా తొలగిపోయింది.

తృప్తి అక్కడ పికర్. చేతిలో స్కానర్ ఏ ర్యాక్ చెబితే ఆ ర్యాక్ దగ్గరికి నడిచి, వస్తువు తీసి, బీప్ కొట్టి, ప్యాకింగ్‌కి చేర్చాలి. ఈ నెలలో అప్పటికే రెండు వార్నింగులు పడ్డాయి. ఒకటి బాత్రూంలో ఎక్కువసేపు ఉన్నందుకు. రెండోది, ఎందుకుందో ఆఫీసుకెళ్లి వివరించడానికి ఎక్కువసేపు పట్టినందుకు. మూడోది పడితే ఐడీ దానంతటదే బందవుతుంది. ఎవరు చెప్పినా ఆగదు. మనుషులు చెప్పడానికి అందులో బటన్ పెట్టలేదు.

మామ లింగయ్య మగ్గాలు పాత ఇనుముకి పోయాక ఇల్లు ఆ ఐడీ మీద, అత్త చంద్రభాగ చుట్టే బీడీల మీద నడుస్తోంది. లింగయ్య ఆఖరి టవల్ నేస్తుంటే అంచు పూర్తి కాకముందే ఎర్ర నూలు అయిపోయింది. ఒక మూలన పచ్చ దారం అతికించి ముగించాడు. నేత పరిశ్రమను ఓదార్చడానికి నర్సయ్య సాహేబ్ గుమ్మంలోకి వచ్చినప్పుడు దాన్నే మెడలో వేశాడు. “ఇది నా ఇంట్ల అద్దాల కపాట్ల భద్రంగ ఉంటది లింగయ్యా, పానం ఉన్నంత కాలం,” అని సాహేబ్ కళ్లు తుడుచుకున్నారు. ఆ టవల్‌తోనే.

ఇక మంగళవారం సంగతి. సోలాపూర్‌లో మెడలో టవల్ పడకుండా మైకు ముందుకెళ్లే అలవాటు ఏ నాయకుడికీ లేదు. కానీ సెక్యూరిటీ రూల్స్ ప్రకారం బయటి వస్తువులు గోదాంలోకి రాకూడదు. సత్కారానికి తెచ్చిన టోపీ, టవల్, కొబ్బరికాయ మూడూ గేటు దగ్గరే ఆగిపోయాయి. మేనేజర్ సుమిత్ చుట్టూ చూసి, అటుగా పోతున్న తృప్తి ట్రేలోంచి ‘నీలం నగర్ ఒరిజినల్’ టవల్ లాగి, కవర్ చింపాడు.

“సర్, అది స్కాన్ అయింది! నా పేరు మీదుంది!”

“అరే, దో మినిట్. ఫొటో అయినాక తీసేస్కో.”

“ఇంకో రకం తీస్కోరాదుండ్రి సర్. ఇది ఒక్కటే పీస్ ఉంది.”

నిజమే. ఆ ర్యాక్‌లో ఎప్పుడు చూసినా ఒక్కటే పీస్ ఉంటుంది. అంత గిరాకీ.

ఫొటో అయింది. టవల్ మాత్రం సాహేబ్ మెడలోనే ఉండిపోయింది. ఉపన్యాసం మొదలైంది. అప్పటిదాకా పచ్చగా ఉన్న స్కానర్ పసుపురంగుకి మారి, టైం అయిపోతోందని మర్యాదగా బీప్ అంది. తృప్తి స్టేజీ మెట్లెక్కింది.

“సాహేబ్, టవల్...”

“ఏంది బేటీ?”

“ఆ టవల్ సాహేబ్...”

నర్సయ్యగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి మైకు వైపు తిరిగారు. “చూడుండ్రి! టవల్ అన్న మాటకే ఈ బిడ్డకు గొంతు పూడుకపోయింది! ఇదీ మన మట్టి!” చప్పట్లు మోగాయి. ఇంకో ఫొటో తీశారు. అందులో తృప్తి నిజంగానే ఏడుపు మొహంతో చాలా బాగా వచ్చింది.

తర్వాత భోజనాలు. ఎండు జొన్నరొట్టెల కడక్ భాకరీ, నూనె కారే పల్లీల శేంగా చట్నీ. సాహేబ్ నూనె వేళ్లను సొంత వస్తువులా టవల్‌కి తుడిచారు. స్కానర్ ఎర్రబడింది. ప్యాకింగ్ నుంచి పూజ పరుగెత్తుకొచ్చింది.

“అక్కా, లేబుల్ అచ్చయింది. టవల్ ఏదే?”

“అగో, చట్నీ తింటున్నది.”

లేబుల్ పట్టుకుని తృప్తి సాహేబ్ పీఏ వీరేష్ దగ్గరికెళ్లింది. అతని భుజానికి పెద్ద సంచీ ఉంది.

“వీరేషన్నా, నీకు దండం పెడ్త. ఆ టవల్ ఇప్పించు. లేకుంటే నా నౌకరీ పోతది.”

“ఏం మాట్లాడుతున్నవ్ చెల్లే? సత్కారం జేసి వాపస్ అడుగుతరా? సాహేబ్ మనసుకు ఎట్లుంటది?”

“గిరాకీ ఎదురుచూస్తున్నడన్నా. చూడు, లేబుల్ గూడ వచ్చింది.”

వీరేష్ విసుగ్గా లేబుల్ చూశాడు. ‘సాహేబ్ సత్కార సమితి, నీలం నగర్’ అని ఉంది. అతని మొహం మారిపోయింది.

“అరే బాప్‌రే! మన సమితి ఆర్డరా? ముందుగాల్నే చెప్పొద్దా! ఇది పోకుంటే రేపు సాహేబ్‌కు సత్కారం ఎట్ల అయితది?”

ఒక్క అంగలో వెళ్లి సాహేబ్ మెడలోంచి టవల్ లాగేశాడు. సాహేబ్ తల కూడా ఎత్తలేదు, అలవాటైన మెడ. వీరేష్ మరక లోపలికి పోయేలా చకచకా మడతపెట్టి, సంచీలోంచి కొత్త కవర్ తీశాడు. దాని మీద కంపెనీ స్టిక్కర్ సిద్ధంగా ఉంది.

“ఈ కవర్లు నీకెక్కడియన్నా?”

“ఈ టవల్ సెల్లర్లం మేమే గదా చెల్లే! సాహేబ్ ఇంటి మేడమ్ పేరు మీదుంది దుకాణం. మహిళా వ్యాపారి.”

కవర్ మూసుకునే ముందు మడత మూలన పచ్చ దారం కనిపించింది. తృప్తి దాన్ని చూసింది. స్కానర్ ఆమెను చూసింది. ఆమె బీప్ కొట్టి ప్యాకింగ్‌లో వేసింది. ‘శభాష్ తృప్తి, మీరు లక్ష్యాన్ని చేరుకున్నారు’ అంది స్కానర్.

మరునాడు తృప్తికి వారపు సెలవు. నీలం నగర్ చౌక్‌లో టవల్‌ను బతికించినందుకు నర్సయ్యగారికి సత్కారం. వాడలో అందరికంటే పెద్ద నేతగాడని లింగయ్యనే టవల్ కప్పమన్నారు. ఆయన తెల్ల టోపీ పెట్టుకుని, అప్పుడే డెలివరీ అయిన పార్సిల్‌ను జాగ్రత్తగా విప్పాడు. ముక్కు చిట్లించాడు.

“ఏంది వీరేషూ, కొత్త టవల్ శేంగా చట్నీ వాసనొస్తున్నది?”

“సోలాపూర్ మాల్ గదా తాతా. కప్పు, కప్పు.”

లింగయ్య వేళ్లు అంచు వెంట నడిచి మూలన ఆగిపోయాయి. అక్కడి ముడిని రెండుసార్లు తడిమాయి. గుంపులో తృప్తి అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“కోడలా!” అని అరిచాడు లింగయ్య. మొహం వెలిగిపోతోంది. “ఇగో, ఇక్కడ దా! ఎవడో అచ్చం నా లెక్కనే పచ్చ దారం అతికిచ్చిండు. నాదైతే సాహేబ్ ఇంట్ల కపాట్ల ఉన్నది. ఇంకొకడు ఉన్నడే! ఇంకొకడు ఇంకా నేస్తున్నడు!”

“అవు మామా,” అంది తృప్తి.

ఆయన సాహేబ్ మెడలో టవల్ కప్పి, రెండు చేతులూ జోడించాడు. సాహేబ్ కళ్లు తుడుచుకున్నారు. వెనక వీరేష్ సంచీ తెరిచి పట్టుకున్నాడు.