అటకెక్కిన ఆవిరి

కెనడాలోని కాల్గరీలో చలికాలం స్నానమంటే పెద్ద తలనొప్పి. ఒంటికి వేడినీళ్లు, తలకి మంచుగాలి. ఆవిరిని అటక మీది గొట్టంలోంచి బయటికి లాగాల్సిన ఫ్యాను, ఆపిన మరుక్షణం ఊళ్లో చలినంతా అదే గొట్టంలోంచి మోసుకొచ్చి నడినెత్తిన కుమ్మరిస్తుంది. టోలెఫ్సన్ల ఇంట్లో ఆ నడినెత్తి గార్త్ అత్తగారు హెడ్విగ్‌ది. ఆవిడ ఉన్ని టోపీ పెట్టుకుని తొట్టిలో కూర్చునేది.

"మీ మామగారుంటే పది నిమిషాల్లో బాగుచేసేవారు," అంది ఆ శనివారం పాన్‌కేకుల మీద మేపుల్ పాకం పోసుకుంటూ. "నీకెందుకులే అల్లుడూ. నువ్వు సుత్తి పడితే దెబ్బ నీ వేలికే."

పెళ్లయిన నాటినుంచీ వింటున్న మాటే. గార్త్ బీమా కంపెనీలో ఇతరుల ఇళ్లకు జరిగిన నష్టాన్ని లెక్కకట్టే ఉద్యోగి. ఈసారి ఎలాగైనా ఆ నోటితోనే శభాష్ అనిపించుకోవాలని అటకకి నిచ్చెన వేశాడు.

"ఎవరైనా పనివాణ్ణి పిలుద్దాం, గార్త్," అంది భార్య బెర్నిస్.

"గొట్టంలో గుడ్డ కుక్కడానికి పనివాడెందుకు?"

అటక మీద పాత పెట్టెలో ఓ ఎర్ర స్వెట్టర్ దొరికింది. ఫ్యాను గొట్టం ఊడదీసి, అందులో స్వెట్టర్ కుక్కి, మళ్లీ తగిలించి టేపు చుట్టాడు.

గాలి ఆగింది. అత్తగారు టోపీ తీసేసింది. "ఫర్వాలేదోయ్, పనికొస్తావు," అంది. ఆ మాట గార్త్ ఆఫీసులో అందరికీ చెప్పాడు.

ఆ సంబరంలో అత్తగారు రెండు పూటలా గంటలకొద్దీ స్నానాలు మొదలెట్టింది. పైకప్పు మీంచి పోవాల్సిన ఆవిరికి దారి మూసుకుపోయి, టేపు సందుల్లోంచి అటకలో చేరింది. అక్కడ మైనస్ ముప్పై.

కొన్ని వారాలకి అత్తగారు పిలిచింది. "అల్లుడూ, మీ మామగారు మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆటకి వేసుకెళ్లే స్వెట్టర్ అటక మీద ఉండాలి, తీసిపెట్టు. క్లబ్బులో ఆయన పేరు మీద పోటీ పెడుతున్నారు. వేసుకెళ్తా."

"ఏ రంగు అత్తయ్యా?"

"ఎరుపు."

గార్త్ నిచ్చెనెక్కి, తలుపు నెట్టి, టార్చి వేశాడు. స్వెట్టర్ సంగతే మర్చిపోయాడు.

దూలాలన్నిటికీ తెల్లటి ఈకలు మొలిచాయి. పైకప్పులోంచి పొడుచుకొచ్చిన ప్రతి మేకుకీ అరచేయంత మంచుపువ్వు. వెలుగు పడ్డచోటల్లా నీలంగా, గులాబీగా మెరుస్తున్నాయి. అతని ఊపిరి తగిలి ఒక రేకు చప్పుడు లేకుండా రాలింది.

బెర్నిస్ పక్కన చేరి, చర్చిలో ఉన్నట్టు గుసగుసలాడింది. "ఓరి దేవుడా... ఇదంతా మా అమ్మ స్నానమా?"

"మీ అమ్మ స్నానమే."

తన చేత్తో చేసిన మొదటి పని ఇంత అందంగా వస్తుందని గార్త్ కలలో కూడా అనుకోలేదు.

దిగేసరికి కిటికీలోంచి పడమటి కొండల మీద మబ్బు కమానులా వంగి కనిపించింది. చినూక్ గాలి! పూట తిరక్కుండా మంచునంతా నీళ్లు చేసే వేడిగాలి. వీధంతా కోట్లు విప్పి పండగ చేసుకుంటోంది. ఊరు మొత్తమ్మీద చలి కోసం దణ్ణం పెట్టుకున్నవాడు గార్త్ ఒక్కడే.

సాయంత్రానికి సీలింగు మీద మరక కనిపించగానే పరిగెత్తి స్నానాలగది తలుపు బాదాడు. "అత్తయ్యా, వెంటనే బయటికి రండి!"

"స్నానమైనా చెయ్యనివ్వవా?" అంటుండగానే లోపల వాన మొదలైంది. ఆ వెనకే ఫ్యాను, సీలింగు ముక్క, గొట్టం, గొట్టంలోంచి ఎర్ర స్వెట్టర్ వరసగా తొట్టిలో పడ్డాయి. ఇలాంటి క్లెయిమ్ ఇంకెవరైనా పెడితే గార్త్ చదవకుండానే కొట్టేసేవాడు.

తువ్వాలు చుట్టుకుని, నీళ్లోడుతున్న స్వెట్టర్‌ని రెండు చేతులా ఎత్తిపట్టుకుని అత్తగారు బయటికొచ్చింది. గార్త్ కళ్లు మూసుకున్నాడు.

"అయితే ఇన్నాళ్లూ నాకు చలి తగలకుండా చూసింది ఈయనన్నమాట!" ఆవిడ స్వెట్టర్‌ని గుండెకి హత్తుకుంది. "చెప్పానా, ఆయనుంటే బాగుచేసేవారని?"

క్లబ్బులో ఈ సంగతి విని అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మామగారికి.

ఇప్పుడు ఆ సీలింగుకి తలుపంత కన్నం. గురువారం మళ్లీ మైనస్ ముప్పై అంటున్నారు. పాఠకులారా, మీలో ఎవరికైనా ఉపాయం తెలిస్తే దయచేసి గార్త్‌కి చెప్పండి. స్వెట్టర్ అని మాత్రం అనకండి, ఆ ఘనత మామగారి ఖాతాలో పడిపోయింది.