తినే సోడాకు డచ్చి మాట

గుడ్లు గిలక్కొట్టే పని తప్పించుకుందామని నేను దుబాసీ అవతారం ఎత్తాను.

మాది నల్గొండ. మా పైపోర్షన్‌లో కిరాయికి ఉంటున్న మారికె హాలెండు పిల్ల. గొర్ల డాక్టరు. ఆమె పుట్టినరోజు కోసం వాళ్లమ్మ వచ్చి రెండు వారాలైంది. పెద్దావిడకు డచ్చి తప్ప ఇంకో భాష రాదు. నా భార్య ఎస్తేరు ఆవిడను నోరారా ‘అవ్వా’ అంటుంది. నేను చాటుగా ‘డచ్చవ్వ’ అంటాను.

ఆ రోజు మారికె గొర్లకు టీకాలేయడానికి దేవరకొండ వైపు వెళ్లింది. సాయంత్రానికల్లా కేకు చేసిపెట్టాలని అవ్వా, ఎస్తేరూ మా వంటింట్లో దిగారు.

“ఏమయ్యా, జర గీ గుడ్లు గిలక్కొట్టు.”

“నేను గుడ్లు కొట్టుకుంట కూసుంటే అవ్వ మాటలు నీకెవరు చెప్తరు? నాకు డచ్చి వస్తది,” అన్నాను ఫోను చూపిస్తూ.

“నీకా! హిందీ సిన్మాకు పోతే ఎక్కడ నవ్వాల్నో నన్నడుగుతవు!”

అంటూనే గుడ్లు తనే కొట్టుకుంది. నా పథకం పారింది.

పిండి కలిపాక ఎస్తేరు ఆగింది. “దీంట్ల తినే సోడా ఎయ్యాల్నా, వద్దా? అవ్వనడుగు.”

బేకింగ్ సోడా అని ఇంగ్లీషులో కొట్టాను. ఫోను ఇచ్చిన డచ్చి మాట గూడ్సు బండంత పొడవుంది. జాయ్‌వరింగ్స్‌జౌట్! సగం దూరంలోనే నా నాలుక పట్టాలు తప్పింది. ఎక్కడైనా సోడా సోడానే కదా అనుకుని, గిన్నెలోకి వేలు చూపించి, “సోడా” అన్నాను.

అవ్వ ముఖం పాలిపోయింది. “నే! నే!”

“ఇన్నవా? నేనే ఏస్త అంటాంది,” అన్నాను.

అవ్వ రెండు చేతులూ పరపరా రుద్ది చూపించింది.

“చేతులు కడుక్కొని ఏస్తదట.”

అవ్వ గిన్నె లాక్కుని పారబోయడానికి మోరీ వైపు పరుగెత్తింది.

“ఇంట్ల ఇంక గుడ్లు లేవయ్యా! పట్టుకో!”

అటు అవ్వ, ఇటు నేను. డెబ్బై ఏళ్ల మనిషి కదా అని తక్కువ అంచనా వేశాను. ఆ గుంజులాటలో కొంత పిండి నా తలకు చేరింది.

ఎస్తేరు పళ్లెంలో చిటికెడు తినే సోడా పోసి, నిమ్మకాయ పిండింది. బుసబుసా పొంగింది.

అవ్వ గిన్నె వదిలేసింది. “ఆ! జాయ్‌వరింగ్స్‌జౌట్!” అని ఎస్తేరును కావలించుకుంది. తర్వాత బట్టలుతికే జాగాకు పోయి చాకలి సోడా పొట్లం తెచ్చి, నా ముక్కు ముందు ఆడించింది. “సోడా!”

“ఓ దేవా! కేకుల చాకలి సోడా కలిపినమని చెప్పినవా?” అంది ఎస్తేరు.

“వాళ్ల దేశంల సోడా అంటే గదేనని, ‘నే’ అంటే వద్దనేనని నాకేం ఎరుక?”

“తెల్వదు అనేదానికి డచ్చిల ఏమంటరో, గదన్న చూసుకో ఫోన్ల!”

సాయంత్రం కేకు బూరెలా పొంగింది. మారికె మురిసిపోయి, భాష రాకుండా ఇద్దరూ ఎలా చేశారని ఇంగ్లీషులో అడిగింది. నేను జుట్టులో ఎండిన పిండి దులుపుకుని, ఛాతీ తట్టుకుంటూ, అనువాదమంతా నాదేనని మొదలుపెట్టాను.

కేకు కోస్తున్న అవ్వ తలెత్తి, స్పష్టంగా అంది:

“ఊకోవయ్యా, నీకేం తెల్వదు!”

నేను గిర్రున ఎస్తేరు వైపు తిరిగాను. “ఎస్తేరూ! అవ్వకు తెలుగెట్లొచ్చింది?”

“రెండు వారాలైతాంది గద మనింట్లకు రావట్టి,” అంది ఎస్తేరు, నా చేతికి కేకు ముక్క ఇస్తూ. “దినాం ఇనవడే మాటనే ముందుగాల వస్తది.”