ఇల్లు బాగుపడాలంటే అమ్మకానికి పెట్టండి

ఇంటికి రిపేర్లు చేయించాలనుకుంటున్నారా? మేస్త్రీని పిలవకండి. ప్లంబర్ నంబరు వెతక్కండి. ఇల్లు అమ్ముతున్నామని నలుగురి చెవిన వేయండి, చాలు. మిగతా పని దానంతట అదే అయితది.

నమ్మరా? అయితే సూర్యాపేటలో మోటార్ వైండింగ్ షాపు నడిపే ఐలన్న సంగతి వినండి.

ఐలన్న భార్య అరుణ టీచరు. ఆమెకు కోదాడకు బదిలీ అయింది. పొద్దున బస్సులో నిలబడి పోవుడు, బడిలో నిలబడి పాఠం చెప్పుడు, మళ్లా నిలబడి ఇంటికి వచ్చుడు. దినమంతటిలో కూర్చునేది అన్నం తినేటప్పుడే. కొన్నాళ్లు ఓర్చుకుంది. తర్వాత ఒకటే మాట చెప్పింది. ఎండకాలం సెలవులయి బడులు మళ్లా తెరిచేలోపు ఈ ఇల్లు అమ్మి కోదాడలో తీసుకోవాలి. లేదంటే ఆమె అక్కడ కిరాయికుంటది, ఆయన ఇక్కడ వండుకు తింటడు.

ఐలన్న కాలిపోయిన మోటారును తెల్లారేసరికి తిప్పగలడు గానీ చాయ్ పెట్టలేడు. అందుకని ఇల్లు అమ్ముడుపోకుంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చేటట్టుంది. షాపుదేముంది, మోటార్లు కోదాడలోనూ కాలుతయి.

ఇక చూడండి ఆ ఇంటి అదృష్టం!

ఆ ఇంట్లో స్నానాల గది తలుపుకు గడియ ఉండేది కాదు. లోపలున్నవాళ్లు బయటికి తెలిసేటట్టు దగ్గుతూ ఉండాలి. చుట్టాలొస్తే వాళ్లూ దగ్గేవాళ్లు. వంటింట్లో స్విచ్చు షాక్ కొట్టేది, అరుణ దాన్ని చపాతీ కర్రతో వేసేది. ఈ రెండింటి గురించి ఎన్నేళ్లుగా చెప్పినా ఐలన్న జవాబు ఒకటే: "సూద్దాం తియ్."

ఇల్లు అమ్మాలనుకున్న వారమే గడియ పడింది. స్విచ్చు మారింది. గోడలకు సున్నం కాదు, ఏకంగా పెయింటే పడింది. పని చేసింది ఎవరనుకున్నారు? ఆ చేతులే! ఆ స్క్రూడ్రైవరే! ఇంతకాలం ఆ చేతులకు ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. ఇంట్లో ఉన్నది ఇంటోళ్లే గదా.

గడియ పడ్డ రోజు అరుణ స్నానానికి పోయి, అలవాటుకొద్దీ దగ్గుతూనే ఉంది.

తర్వాత బ్రోకర్ ధర్మేందర్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి, డాక్టరు రోగిని చూసినట్టు ఇంటిని చూశాడు. కొనేటోళ్లు సామాన్లు చూడరట, ఖాళీ జాగ చూస్తరట. బీరువా తీస్తే గది పెద్దగయితదట, మంచాలు తీస్తే ఇంకా పెద్దగయితదట. ఐలన్నకు ఆ లెక్క బాగా నచ్చింది. బీరువా, మంచాలు, ఫ్రిజ్, చివరికి స్టవ్వు, సిలిండరు కూడా పక్కింటి మరియమ్మ ఇంట్లోకి చేరాయి. మరియమ్మ మంచి మనిషి కాబట్టి సరిపోయింది. వంట అక్కడే, తిండి అక్కడే, పడక వాళ్ల వరండాలో.

ఎంత సుఖం చెప్పండి! ఊడ్చే పని లేదు, తుడిచే పని లేదు. సొంత ఇంట్లోకి పోవాలంటే కాళ్లు కడుక్కుని, ఐలన్నను అడిగి పోవాలి. ఓ సాయంత్రం అరుణ బస్సు దిగొచ్చి, అలసిపోయి, ఖాళీ హాల్లో గోడకు ఒరిగి కూర్చుంది.

"జర లేస్తవా అరుణా, గోడకు నూనె మరక పడ్తది" అన్నాడు ఐలన్న.

అరుణ లేచింది. ఏమీ అనలేదు. టీచర్లు ఏమీ అనలేదంటే మార్కులు ఎక్కడో వేసుకుంటున్నారని ఐలన్నకు తెలియదు.

ఆ ఆదివారమే ఇల్లు చూడ్డానికి మిర్యాలగూడ నుంచి బీక్యా, ద్వాళి వచ్చారు. బీక్యా బస్సు డిపోలో మెకానిక్కు, సూర్యాపేటకు బదిలీ మీద వస్తున్నాడు. చూడాల్సిందీ తేల్చాల్సిందీ మాత్రం భార్య ద్వాళి. ఆమె పెయింటు వంక చూడలేదు, టైల్స్ వంక చూడలేదు. సంచిలోంచి కందిపప్పు పొట్లం తీసి, స్టవ్వెక్కడుందని అడిగింది. మన దిక్కు నీళ్ల సంగతి మీకు తెలియంది కాదు. కొన్ని బోర్ల నీళ్లతో ఎంతసేపు మంటపెట్టినా పప్పు పలుకు పలుకుగానే ఉంటది. ఇల్లు కొనాలంటే ఆ ఇంటి నీళ్లలో పప్పు ఉడకాలి, అదీ ఆమె పరీక్ష.

ధర్మేందర్ ఐలన్న మొహం చూశాడు. ఐలన్న మరియమ్మ ఇంటి దిక్కు చూశాడు.

బిందెడు బోరు నీళ్లు మోసుకుని అందరూ మరియమ్మ ఇంటికి నడిచారు. అక్కడ కాలు పెట్టే సందు లేదు. ఫ్రిజ్ పక్కన ఫ్రిజ్, మంచం మీద మంచం. ద్వాళి పప్పు పొయ్యి మీద పెట్టి, మంచం మీద కూర్చుని, చుట్టూ చూసింది.

"ఈ ఇల్లు అమ్మరా అక్కా?" అని మరియమ్మను అడిగింది. "గా ఇంటికంటే ఇదే నయం. గాడ మనుషులు బతికిన జాడే లేదు. ఏం జరిగిందో ఏమో, కిరాయికున్నోళ్లు ఒక్క వస్తువు లేకుండ ఖాళీ చేసి పోయిన్రు."

ఐలన్నకు కళ్ల ముందు ఖాళీ గిన్నె, వెలగని స్టవ్వు కనబడ్డాయి. అప్పుడు అరుణ నోరు విప్పింది.

"ఎటూ పోలేదక్కా. నువ్వు కూసున్న మంచం మాదే. గా బీరువా మాదే, స్టవ్వు మాదే. మీకు నచ్చాలని మమ్మల్ని మేమే ఎల్లగొట్టుకున్నం."

ద్వాళి నవ్వింది. నవ్వీ నవ్వీ, అన్నీ మళ్లా లోపల పెట్టి చూపించమన్నది. బీరువాకు ఓ పక్క ఐలన్న పట్టాడు, ఓ పక్క బీక్యా పట్టాడు. చొక్కా నలగనియ్యని ధర్మేందర్ దిండ్లు మోశాడు. స్టవ్వు కూడా వెళ్లింది, ఉడుకుతున్న పప్పు దాని వెంట వెళ్లింది. జర ఆలస్యమైనా పప్పు మెత్తగానే ఉడికింది. అందరూ ఐలన్న ఇంట్లోనే కూర్చుని తిన్నారు. చేతులు కడుక్కునేసరికి బేరం ఖాయమైంది.

బడులు తెరిచేనాటికి ఐలన్న, అరుణ కోదాడలో ఉన్నారు. అరుణ నడిచి బడికి పోతోంది. కథ సుఖాంతమే. కాకపోతే ఈ కొత్తింట్లో సింకు కింద పైపు కారుతది, పెరటి తలుపు నేలకు ఒరుసుకుంటది. అరుణ చెప్పింది. ఐలన్న ఏమన్నాడో నేను చెప్పాలా?

ఆమె మళ్లా అడగలేదు. "ధర్మేందర్ ఫోన్ చేసిండు. ఆదివారం ఈ ఇల్లు సూడనీకి ఒక పార్టీ వస్తున్నరట" అన్నది.

"మనం అమ్ముతలేం గదా?"

"సూసిపోతరు, మనదేం పోతది."

శనివారానికల్లా పైపు కారడం ఆగింది. ఆదివారం ఎవరూ రాలేదు. వాళ్లకేదో పని పడ్డదట, వచ్చే వారం వస్తరట. ఆ వారం పెరటి తలుపు సాఫీగా మూసుకుంది. ఆ పై వారం ఒరిగిన పిట్టగోడ నిలబడింది. పార్టీ ఇంకా రాలేదు. వాళ్లెవరో, ఏ ఊరోళ్లో ఐలన్న ఇంతవరకు అడగలేదు. మొన్న మాత్రం, వాళ్లకు లేత ఆకుపచ్చ రంగు నచ్చుతదా అని అరుణనే అడిగాడు. నచ్చుతదని ఆమె చెప్పింది.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్లారా! మీ ఇల్లు చూడ్డానికి కూడా ఆదివారం ఎవరో ఒకరు వస్తున్నారని చెప్పండి. "నేనుండే ఇల్లు గదా" అని మాత్రం అనకండి. ఆ మాటకు ఏ ఇంట్లోనూ ఇంతవరకు ఒక్క మేకు కూడా దిగలేదు.