మూసీ పుట్టింటికి మూట ప్రయాణం

ఆబిడ్స్-నాంపల్లి గిరియాత్రా సంఘం వారు మూసీ నది పుట్టిన అనంతగిరి కొండల్లో నాలుగు రోజుల కాలినడక యాత్రను దిగ్విజయంగా ముగించారని పంతొమ్మిది వందల అరవై నాలుగు వేసవిలో నగర ప్రజలకు తెలియజేయడమైనది. సన్మానం పొందిన యాత్రికుల్లో ఒక్కరూ నాంపల్లి స్టేషను దాటలేదన్నది చిన్న విషయం. పెద్ద విషయాలు మాట్లాడుకునేచోట చిన్నవి తేవడం మర్యాద కాదు గనక, మొదటినుంచీ వద్దాం.

ఆ సంఘంలో శ్యామ్‌సుందర్ అని ఒక సభ్యుడుండేవాడు. గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తా. మనిషి బంగారమే గానీ ఒక్క లోపం ఉంది. ఎవరైనా "పోదాం" అంటే నిజంగానే పోవడమనుకుంటాడు. అతని తల్లి జయమ్మ నాలుగేండ్ల పిల్లగా ఉన్నప్పుడు తుగ్యానీ వరద వచ్చి, అఫ్జల్‌గంజ్‌లో వాళ్ల ఇంటిని గోడలూ గడపలూ అనకుండా మూసీ ఊడ్చుకుపోయింది. మేనమామ భుజమ్మీద కూర్చుని ఆ ఇంట్లో ఆమె ఒక్కతే బతికి బట్టకట్టింది. సంఘం వారు మూసీ పుట్టిన చోటికే పోతున్నారని కొడుకు చెప్పగానే ముసలమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

"బిడ్డా, నేను దాన్ని పెద్దగయినంకనే చూసిన. చిన్నగున్నప్పుడు ఎట్లుంటదో చూడలె. జర ఒక సీసెడు నీళ్లు పట్కరా. మా ఇల్లు తీస్కపోయినదాని మొఖం ఒక్కపారి చూస్త," అన్నది.

ఆమె జన్మలో కొడుకును ఏదీ అడిగిన మనిషి కాదు. అందుకని ఆ సీసా మాట శ్యామ్‌సుందర్ గుండెలో నాటుకుపోయింది. మరునాడే ఒక షర్బత్ సీసా సంపాదించి, కడిగి, ఎండబెట్టి సిద్ధంగా పెట్టుకున్నాడు.

సంఘాధ్యక్షులు సదాశివగారికి ఆబిడ్స్‌లో బట్టల దుకాణం. ఆయన జీవితంలో ఎక్కిన అత్యున్నత శిఖరం ఆ దుకాణం పైఅంతస్తు. కార్యదర్శి సోమయాజులుగారు రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్లతోపాటు దిగినవారు. సభా మర్యాదలూ, పంచాంగమూ రెండూ ఆయనకు కంఠోపాఠం. యాత్రా సన్నాహ సమావేశాలు ఆ పైఅంతస్తులోనే చాయ్ బిస్కట్ల మధ్య జరిగేవి. కొండంత పనికి కొండంత ఆలోచన కావాలి గదా.

మొదట చెప్పుల సమస్య వచ్చింది. అనంతగిరి దేవుడి కొండ, చెప్పులతో ఎక్కడం అపచారం. వేసుకోకపోతే ముళ్లు. ఉపసంఘం వేశారు. చెప్పులు కాళ్లకు ఉంచుకుని మనసులో విడిచిపెట్టవచ్చునని ఉపసంఘం తేల్చింది. తర్వాత ఉల్లిపాయ వచ్చింది. సభ్యుల్లో సగంమంది తింటారు, సగంమంది వాసన కూడా ఓర్వరు. కొండమీద రెండు పొయ్యిలు పెట్టాలనీ, గాలి ఎటునుంచి వీస్తే ఉల్లి పొయ్యిని దానికి ఎదురువైపు మార్చాలనీ తీర్మానమైంది. గాలి తిరిగిన ప్రతిసారీ పొయ్యిని మోసే బాధ్యత శ్యామ్‌సుందర్‌కు ఏకగ్రీవంగా అప్పగించారు. అతను సంతోషంగా ఒప్పుకున్నాడు. పొయ్యి మోస్తేనేం, కొండ కనబడుతుంది గదా అనుకున్నాడు పిచ్చి మారాజు.

అలవాటు కోసం ఒక ఆదివారం అందరూ రిక్షాల్లో నౌబత్ పహాడ్ దాకా వెళ్లారు. కింద నిలబడి కొండను పైదాకా చూశారు. సదాశివగారు రుమాలుతో మెడ తుడుచుకుని, "ఎత్తు మంచిగనే ఉన్నది," అన్నారు. అంతా రిక్షాలెక్కి మొజంజాహీ మార్కెట్‌కు వచ్చి ఐస్‌క్రీం తిన్నారు. అలసిపోయారు మరి.

ఇక ముహూర్తం. మంచి గడియ ఉన్ననాడు సభ్యులకు తీరిక లేదు, తీరిక ఉన్ననాడు గడియ లేదు. ఇలాంటి చిక్కుకు మన పెద్దలు ఏనాడో ఉపాయం పెట్టిపోయారు. దాని పేరు పరస్థానం. మంచి గడియకు ప్రయాణికుడి బట్టలు కాసిని మూటగట్టి, ఇల్లు దాటించి, ఇంకొకరి ఇంట్లో పెడితే చాలు. మూట కదిలిందంటే మనిషి బయలుదేరినట్టే. ఆ తర్వాత మనిషి తన వీలునుబట్టి కదలవచ్చు.

సంఘం వారు సభ్యులందరి దుప్పట్లూ కలిపి ఒకే పెద్ద మూట కట్టారు. చెప్పిన గడియకు కొబ్బరికాయ కొట్టి, మూటకు బొట్టు పెట్టి, దండ వేసి, బ్యాండుమేళంతో మొజంజాహీ మార్కెట్‌లో సదాశివగారి బావమరిది మామిడిపండ్ల గోదాముకు చేర్చారు. దారిలో ఆబిడ్స్ స్టూడియోలో మూట చుట్టూ నిలబడి ఫోటో దిగారు. ఫోటోలో మూట ఒక్కటే ప్రయాణానికి సిద్ధంగా ఉన్నట్టు కనబడుతుంది.

శ్యామ్‌సుందర్ ఆనాటినుంచే సెలవు పెట్టేశాడు. చెప్పాను గదా, లోపమని.

తర్వాత వీడ్కోలు సభలు మొదలయ్యాయి. నాంపల్లి వర్తకులు చేస్తే ఆబిడ్స్ వర్తకులు చెయ్యకుండా ఉంటారా? వాళ్లు చేస్తే గన్‌ఫౌండ్రీ భజన మండలి ఊరుకుంటుందా? రోజుకొక చోట దండలు, రోజుకొక చోట ఉప్మా. ప్రతి సభలోనూ సదాశివగారు ఒకే మాట సెలవిచ్చేవారు.

"సోదర సోదరీమణులారా, నడక అనగానేమి? కాళ్లు కదిలించుటయా? కాళ్లు మేకలు కూడా కదిలించును. కదలవలసినది సంకల్పము. మా సంకల్పము కదిలినది. మా మూట కదిలినది. ఇక మేము కదలుట నామమాత్రమే."

చప్పట్లు మిన్నుముట్టేవి. శ్యామ్‌సుందర్ సెలవు మాత్రం కరిగిపోతున్నది. ఇంటికొస్తే గూట్లో ఖాళీ సీసా, గుమ్మంలో తల్లి. "ఎప్పుడు పోతున్నరు బిడ్డా?" అని ఆమె అడిగితే, "మూట పోయింది అమ్మా," అనడానికి మనసొప్పక సీసాను మళ్లీ కడిగేవాడు. చివరికి ధైర్యం చేసి అధ్యక్షులవారినే అడిగాడు.

"సాబ్, మనం పోయేదెప్పుడు?"

"మూట పోయింది గద, ఫికర్ ఎందుకు? స్వాగత సభకు హాలు గూడ మాట్లాడినం. ముఖ్య అతిథి తారీఖు ఇచ్చిండు. పోవుడు ఎనకాముందైనా, వచ్చుడు మాత్రం ఆ తారీఖుకు రావాలె," అన్నారు సదాశివగారు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ మాట పైకి అనలేదు గానీ, శ్యామ్‌సుందర్ మరునాడు పొద్దున్నే గోదాముకు పోయి, మూట ముడి విప్పి, తన దుప్పటి తను తీసుకుని, మళ్లీ ముడివేసి, తిన్నగా నాంపల్లి స్టేషనుకు నడిచి వికారాబాద్ బండెక్కాడు. అది రాహుకాలమో యమగండమో చూసుకున్న పాపాన పోలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టె ఒక దారి.

వికారాబాద్‌లో దిగి, నది పుట్టినచోటు వెతుకుతూ కొండల చుట్టూ నాలుగు రోజులు నడిచాడు. ఊళ్లల్లో అరుగుల మీద పడుకున్నాడు, పెట్టినవాళ్లింట్లో జొన్నరొట్టె తిన్నాడు. కాళ్లు బొబ్బలెక్కాయి. చివరికి ఒక పసులకాపరి వేలు చూపించిన చోట, రెండు బండల సందులోంచి సన్నటి నీటిధార జారుతున్నది. ఒక మేక దాన్ని తాగుతున్నది. శ్యామ్‌సుందర్ మేక తాగేదాకా ఆగి, ఒక్క అంగలో మూసీని దాటాడు. మళ్లీ ఇటు దాటాడు. ఇంతేనా, మా అమ్మ ఇల్లు తీసుకుపోయింది ఇదేనా అని నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లనిండా నీళ్లొచ్చాయి. సీసా నింపుకుని మూత బిగించి, దుప్పట్లో చంటిపిల్లలా చుట్టుకుని తిరుగుబండి పట్టాడు.

ఇంటికి వస్తే తాళం. అమ్మను స్వాగత సభకు కారులో తీసుకుపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. దుమ్ము కాళ్లతోనే గన్‌ఫౌండ్రీ హాలుకు పరుగెత్తాడు.

హాలు కిటకిటలాడుతున్నది. వేదిక మీద దండలతో సంఘ సభ్యులు, మధ్య కుర్చీలో దండతో మూట. గోదాములో మాగిన మామిడిపండ్ల వాసన దానికి పట్టి హాలంతా ఘుమఘుమ. మూట పక్కన ఇత్తడి కలశంలో మూసీ జలం. ఆ జలాన్ని పొద్దున అఫ్జల్‌గంజ్ వంతెన కింద పట్టారు. పుట్టిన చోటి నీళ్లే గదా ఇక్కడికి వచ్చేది, మనమే ఎగబడి ఎదురు పోవడంకన్న అవి మనదాకా వచ్చేవరకు ఆగడమే పెద్దమనిషి తరహా అని సోమయాజులుగారు అప్పటికే సభకు వివరించారు. ముందు వరసలవాళ్లు ముక్కు మూసుకుని, రెండో చేత్తో నమస్కారం పెడుతున్నారు. వేదిక మీదే ఒక పక్క, తుగ్యానీ చూసిన మాతృమూర్తిగా కొత్త శాలువా కప్పుకుని జయమ్మ కూర్చుని ఉంది.

శ్యామ్‌సుందర్ వేదిక దగ్గరికి వెళ్లి, "నేను పోయొచ్చిన. ఇవి పుట్టినకాడి నీళ్లు," అని సీసా ఎత్తి చూపించాడు.

సోమయాజులుగారు అద్దాలు సర్దుకున్నారు. "మీరు వెళ్లలేదండీ. మూట విప్పి దుప్పటి తీసుకున్నారా లేదా? పరస్థానంలోంచి మూట తీసుకోవడమంటే ప్రయాణం మానుకోవడమని శాస్త్రం. ఈ యాత్ర విరమించుకున్న సభ్యులు మీరొక్కరే. మీ పేరు కొట్టేశాం కూడాను."

హాల్లో చిన్న గుసగుస లేచింది. సదాశివగారు న్యాయం తప్పని మనిషి. సీసాను ఒక చేత్తో, కలశాన్ని ఒక చేత్తో జయమ్మ ముందు పెట్టారు. "అమ్మా, మూసీని నీ అంత ఎరిగినవాళ్లు ఈ సభలో లేరు. ఏది అసలో నువ్వే చెప్పాలె," అన్నారు.

శ్యామ్‌సుందర్ నిబ్బరంగా నిలబడ్డాడు. లోకమంతా ఏమన్నా అననీ, అడిగిన మనిషే చెబుతుంది గదా అనుకున్నాడు. జయమ్మ సీసా మూత తీసింది. చాలాసేపు లోపలికి చూసింది, వాసన చూసింది. తర్వాత కలశం వాసన చూసి, శాలువా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇదే మూసీ," అని కలశం చూపించింది.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. జనం వరసకట్టి కలశం నీళ్లు నెత్తిన చల్లుకున్నారు. చాలాసేపు మాట్లాడి గొంతెండిన సదాశివగారు సీసా అందుకున్నారు. మూసీ కాదని తేలింది గనక తాగడానికి అభ్యంతరం లేదని సోమయాజులుగారు కూడా అన్నారు. అధ్యక్షులవారు గటగటా తాగేసి, "నీళ్లు మాత్రం మంచిగున్నయి," అని ఖాళీ సీసా తిరిగిచ్చారు.

తల్లీకొడుకులు నడుచుకుంటూ ఇంటిదారి పట్టారు. స్టేషను దగ్గరికి రాగానే శ్యామ్‌సుందర్ ఆగి తల్లివైపు తిరిగాడు.

"నీకు తెల్వదా అమ్మా? నీకు నేను అబద్ధం తెస్తనా?"

"తెల్వకేం బిడ్డా. మూత తీయంగనే తెలిసింది. రాయి వాసన, గడ్డి వాసన. పసిపిల్లోలె ఉన్నది. ఒక్క గుక్కెడన్న నాకు మిగల్చకపాయె గాయన."

"మరి గట్లెందుకు చెప్పినవు?"

జయమ్మ భుజం మీది శాలువాను తడిమి చూసుకుంది. "ముందుగాల శాలువ కప్పిన్రు, తర్వాత అడిగిన్రు. కప్పకముందే అడిగితే నిజమే చెప్తుంటి," అన్నది.

ముసలమ్మను తప్పుపట్టదలచిన పాఠకులు ముందుగా తమ తమ బీరువాలు తెరిచి, లోపల మడతపెట్టి ఉన్న శాలువాలు ఒక్కొక్కటే దులిపి చూసుకోవలసిందిగా కోరడమైనది.