గోల్ కొట్టినవాడి సంతాపం

ఫుట్‌బాల్ కాళ్ళతో ఆడే ఆట అని ఎవరన్నారో గానీ, వాళ్ళు ఆట సరిగ్గా చూడలేదు! అది పెదవులతో ఆడే ఆట. కాళ్ళు బంతిని గోల్లోకి పంపుతాయి, అంతే. ఆటగాణ్ణి క్లబ్బులోకి పంపేవీ, అక్కడ నిలబెట్టేవీ పెదవులే. చొక్కాకి ఎడమ పక్కన, సరిగ్గా గుండె మీద, క్లబ్బు బ్యాడ్జి ఉంటుంది. దాన్ని పైకి లాగి, కళ్ళు మూసుకుని ముద్దు పెట్టుకోవాలి. ఆ విద్యలో స్పెయిన్ దేశం మొత్తం మీద ఎలాదియోని మించినవాడు లేడు.

ఎలాదియో వింగర్. మైదానం కుడి గీత పట్టుకుని కుక్క తరిమినట్టు పరుగెత్తడం అతని వృత్తి. పదకొండు క్లబ్బులకి పరుగెత్తాడు. పదకొండు బ్యాడ్జిలనీ ముద్దాడాడు. కొత్త క్లబ్బులో చేరిన రోజున మెడలో కండువా వేసి జనం ముందు నిలబెడతారు కదా, అక్కడ అతను చెప్పే మాట ఎప్పుడూ ఒక్కటే.

"చిన్నప్పుడు ఈ చొక్కా వేసుకునే నిద్రపోయేవాణ్ణి!"

జనం కళ్ళు తుడుచుకునేవారు. వాళ్ళక్క రెమేదియోస్ మాత్రం తుడుచుకునేది కాదు.

"ఒరే, మనిద్దరికీ కలిపి ఒకే ఒక్క స్వెట్టరు ఉండేది. అదీ నాది. గులాబీ రంగుది. ఏ క్లబ్బుదిరా అది?"

"అక్కా, అది మర్యాద కోసం అనే మాటే. అందరూ అంటారు."

మర్యాద! ఈ మర్యాదే అతని కొంప ముంచింది. ఫుట్‌బాల్ లోకంలో ఒక ఆచారం ఉంది. ఒకప్పుడు నువ్వు ఆడిన క్లబ్బు మీద గోల్ కొడితే సంబరం చేసుకోకూడదు. రెండు చేతులూ పైకెత్తి, తల వంచి, 'పొరపాటైపోయింది, మన్నించండి' అన్నట్టు నిలబడాలి. ఒకటి రెండు క్లబ్బుల్లో ఆడినవాడికి ఇదేం ఇబ్బంది కాదు. ఎలాదియోకి ఎటు తిరిగినా పాత క్లబ్బే! గోల్ కొట్టడం, వెంటనే ముఖం వేలాడేయడం. తోటి ఆటగాళ్ళు మీద పడి వాటేసుకోబోతే, "వద్దురా, చూస్తున్నారు" అని విదిలించుకోవడం. ఆరేళ్ళుగా ఒక్క గోల్‌కైనా నోరారా అరిచింది లేదు. గోల్ కొట్టి సంతాపం ప్రకటించే ఉద్యోగం ఇంకెవరికైనా ఉందా, మీరే చెప్పండి!

అలా ముప్పై ఏడో ఏట, ఇంక ఏ క్లబ్బూ ఫోను చెయ్యకపోతే, పుట్టిన ఊరు తొర్రెలిందో క్లబ్బులో చేరాడు. క్లబ్బు అధ్యక్షుడు దొన్ ఎర్మోహెనెస్‌కి పంది మాంసం ఫ్యాక్టరీ ఉంది. ఆయన బాల్కనీ ఎక్కి, "డబ్బు కోసం రాలేదు, మట్టి కోసం వచ్చాడు! మన మట్టి బిడ్డ!" అని గొంతు చించుకుంటే ఊరంతా చప్పట్లు కొట్టింది. ఎలాదియో యథాప్రకారం ఎర్ర చొక్కా మీది బ్యాడ్జిని ముద్దాడాడు.

కానీ ఈసారి అతని మనసులో ఒక రహస్య సంతోషం ఉంది. ఆ ఏడాది చివరి మ్యాచ్ పక్క ఊరు ఫ్వెంతెలార్గాతో. రెండు ఊళ్ళకీ తాతల నాటి పగ. ఒక ఊరి వాళ్ళు రెండో ఊళ్ళో రొట్టె కూడా కొనరు. పచ్చ చొక్కాల ఆ ఫ్వెంతెలార్గా ఒక్కటే, లీగు మొత్తంలో, ఎలాదియో ఎప్పుడూ ఆడని క్లబ్బు!

"అక్కా, వాళ్ళ మీద గోల్ కొడితే నేను గెంతొచ్చు! చొక్కా విప్పి తిప్పొచ్చు! ఎవరూ ఏమీ అనరు!"

"గెంతు నాయనా, మోకాళ్ళు జాగ్రత్త," అంది రెమేదియోస్.

మ్యాచ్ రోజు వచ్చింది. గెలిస్తే తొర్రెలిందో ఈ లీగులో ఉంటుంది, లేకపోతే కింది లీగుకి పోతుంది. ఊళ్ళో కుర్రాళ్ళు ఫ్వెంతెలార్గా బస్సుని వెక్కిరింపు ఈలలతో ముంచెత్తుతుంటే, మైదానం పక్కనే ఉన్న రెమేదియోస్ హోటల్లో, వెనక గదిలో, రెండు క్లబ్బుల పెద్దలూ కలిసి భోంచేస్తున్నారు. అదీ ఆచారమే. బయట ఎంత పగైనా పెద్దలు మాత్రం మ్యాచ్ ముందు కలిసి కాల్చిన గొర్రెపిల్ల తింటారు, కోటుకి పెట్టుకునే క్లబ్బు బిళ్ళలు మార్చుకుంటారు. దొన్ ఎర్మోహెనెస్ తన ఎర్ర బిళ్ళ తీసి ఫ్వెంతెలార్గా అధ్యక్షుడు దొన్ బాల్దొమేరో కోటుకి గుచ్చాడు. ఆయన తన పచ్చ బిళ్ళ తీసి ఈయన కోటుకి గుచ్చాడు. ఇద్దరూ వాటేసుకున్నారు.

వంటింట్లో సేమ్యా తింటున్న ఎలాదియోకి కబురొచ్చింది.

"రా నాయనా, మట్టి బిడ్డా!" అన్నాడు దొన్ ఎర్మోహెనెస్, వేళ్ళు నాకుతూ. "దొన్ బాల్దొమేరో గారు నిన్ను అడుగుతున్నారు. వచ్చే ఏడాది వాళ్ళ దగ్గరికెళ్ళు. రెండేళ్ళ ఒప్పందం. నేను సరేనన్నాను."

"మరి మట్టి?"

"మట్టి ఎక్కడికి పోద్దయ్యా? పక్క ఊరేగా, బస్సుంది. కానీ మ్యాచ్ అయ్యేదాకా ఈ ముక్క పొక్కకూడదు. తెలిస్తే జనం చంపేస్తారు. నిన్ను."

ఎలాదియో నోరు దానంతటదే తెరుచుకుంది. "దొన్ బాల్దొమేరో గారూ, చిన్నప్పుడు మీ చొక్కా వేసుకునే..."

"గులాబీ రంగుదేనా?" అంది రెమేదియోస్, గొర్రెపిల్ల పళ్ళెం టేబుల్ మీద ఠపీమని పెడుతూ.

వంటింట్లోకి రాగానే ఎలాదియో నెత్తి పట్టుకున్నాడు.

"అక్కా, ఇప్పుడు గోల్ కొడితే ఎలా? పాత క్లబ్బుకైతే మర్యాద చెయ్యాలి. మరి కాబోయే క్లబ్బుకి?"

"నన్నడుగుతావేంరా? నేనేమైనా బిషప్పునా?"

"గెంతితే వాళ్ళకి కోపం. గెంతకపోతే మనవాళ్ళకి అనుమానం."

"అయితే గోల్ కొట్టకు."

"కొట్టకపోతే ఊరు మునిగిపోద్ది కదే!"

"మరి కొట్టి ఏడువు!"

ఆట మొదలైంది. తొర్రెలిందో జనం పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, పచ్చ చొక్కాల వాళ్ళ వంశాన్ని ఏడు తరాల దాకా తిడుతూ కూర్చున్నారు. గోల్ లేదు. ఆట అయిపోవస్తోంది. అప్పుడు వచ్చింది బంతి, కుడి గీత మీదికి. ఎలాదియో పరుగెత్తాడు. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, గోల్‌కీపర్ని పడుకోబెట్టాడు. గోల్!

మైదానం దద్దరిల్లింది! ఎలాదియో గుండెల్లో ఆరేళ్ళ కేక గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అతని రెండు చేతులూ వాటంతటవే పైకి లేచాయి. తల దానంతటదే వాలింది. ముఖం వేలాడింది. అలవాటు!

అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. గింజలు కొరికే చప్పుడు కూడా ఆగింది.

"వీడికేమైందిరా? కాలు పట్టేసిందా?" అన్నాడు ముందు వరసలో మంగలి ఫెర్మీన్.

"కాదు, మర్యాద చేస్తున్నాడు," అన్నాడు పక్కనున్న పోస్టుమ్యాన్.

"ఎవరికి? వీడు ఫ్వెంతెలార్గాలో ఎప్పుడాడాడు?"

"ఎప్పుడూ ఆడలేదు."

"మరి?"

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఆడబోతున్నాడు!!"

నిప్పంటుకున్నట్టు ఆ మాట మైదానమంతా పాకింది. ఓడిపోతే కూడా అంతగా ఛీకొట్టి ఈలలు వేసేవారు కాదేమో! పైన పెద్దలు కూర్చునే గ్యాలరీలో దొన్ ఎర్మోహెనెస్ ఇంతెత్తున లేచాడు. అవకాశం వదులుకునే మనిషి కాదాయన.

"ద్రోహీ! తల్లి లాంటి ఊరిని అమ్ముకుంటావా? ఇటు చూడు! విశ్వాసం అంటే ఇది! ఈ గుండె మీద ఏ బ్యాడ్జి ఉందో చూడు!" అని రొమ్ము దబదబా బాదుకున్నాడు.

ఊరంతా చూసింది. కింది వరసలోంచి రెమేదియోస్ లేచి నిలబడింది.

"చూశాం లెండి దొన్ ఎర్మోహెనెస్ గారూ! పచ్చగా ఉంది, ఫ్వెంతెలార్గాదే! మధ్యాహ్నం నా హోటల్లో గొర్రెపిల్ల తింటూ నా తమ్ముణ్ణి వాళ్ళకి అప్పగించారే, అప్పుడు పెట్టుకున్నదేగా?"

అంతే! జనం జేబుల్లోంచి తెల్ల రుమాళ్ళు బయటికొచ్చాయి. మైదానమంతా అధ్యక్షుడి వైపు తిరిగి, దిగిపో దిగిపో అంటూ రుమాళ్ళు ఊపింది. దొన్ ఎర్మోహెనెస్ బిళ్ళ పీకబోతే అది ఊడి రాలేదు. గట్టిగా లాగితే కోటు చిరిగింది.

ఈ గొడవలో ఎలాదియోని చూసేవాళ్ళే లేరు. అతను అటూ ఇటూ చూశాడు. మెల్లగా మైదానం మూలకి నడిచాడు. తర్వాత పరుగెత్తాడు. గెంతాడు, మోకాళ్ళ మీద జారాడు, చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు, ఆరేళ్ళ కేకంతా వేశాడు! ఒక్క రిఫరీ మాత్రం చూసి, చొక్కా విప్పినందుకు పసుపు కార్డు చూపించాడు. ఎలాదియో ఆయన్నీ వాటేసుకున్నాడు. బ్యాడ్జిని మాత్రం ముద్దు పెట్టుకోలేదు, అది గాల్లో ఎక్కడో తిరుగుతోంది.

ఆట ముగిసింది. తొర్రెలిందో లీగులో నిలబడింది. దొన్ బాల్దొమేరో ముఖం కందగడ్డలా చేసుకుని దిగివచ్చాడు.

"ఏమయ్యా! మా మీద గోల్ కొట్టి బట్టలు విప్పి గెంతుతావా? కాబోయే క్లబ్బన్న మర్యాద లేదా? ఒప్పందం లేదు, ఏం లేదు, పో!"

"దొన్ బాల్దొమేరో గారూ, చిన్నప్పటి నుంచీ నాకు..."

"ఊఁ? చిన్నప్పటి నుంచీ? మా చొక్కానేనా?"

ఎలాదియో భుజాన ఉన్న తడి చొక్కా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"కాదండీ. చిన్నప్పటి నుంచీ నాకు గోల్ కొడితే గెంతడమంటే ఇష్టం."